గండికోటకు ఏ లాంతరు?

గండికోటలో రెండు రాత్రులు, నలుగురు మనుషులు, రెండు టెంట్లు. ఇంట్లో ఉన్న కిరసనాయిలు లాంతరు చాలా, చార్జింగ్‌ది కొనాల్నా అని అడిగినావు కదన్నా. కిరసనాయిలుది ఇంట్లోనే పెట్టు. టెంట్లో వెలిగిస్తే నిప్పు భయం ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ ఇంకొకటి. ఆ వాయువుకు వాసన కూడా ఉండదు.

ఎల్‌ఈడీదే కొను. ల్యూమెన్లంటే వెలుగు కొలత, డబ్బా మీద వెయ్యి ల్యూమెన్లని చూసి మురిసిపోవద్దు. టెంట్లోకి 100, వంటకాడికి 300 చాలు. చూడాల్సింది బ్యాటరీ. 5,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో పట్టే చార్జి కొలత) అంటే 3.7 వోల్టుల లెక్కన 18.5 వాట్-అవర్లు, 3 వాట్ల దీపానికి కాగితం మీద ఆరు గంటలు, చేతికొచ్చేది ఐదు. రెండో రాత్రికి పవర్ బ్యాంకు పెట్టుకో, లాంతరుకు టైప్-సి చార్జింగ్ ఉన్నదే చూడు.

వెలుగు మాత్రం పసుపుదే. పోయినేడు నేను తెల్లదీపం కింద ఉగ్గాని కలుపుతా ఉంటే బొరుగుల కంటే పురుగులే ఎక్కువ పడినాయి!

ఇంకొకటి. రాత్రిపూట పెన్న లోయ అంచుకు పోవద్దు. టెంటు చుట్టుపక్కల తిరగడానికైనా తలకు కట్టుకునే టార్చి వేరే ఉండాల. చేతిలో లాంతరు కళ్లలోకే కొడుతుంది, కాలికింద రాయి కనపడదు.