లైకులు వచ్చినా తృప్తి ఎందుకు నిలవదు?

పొగడ్తకు మెదడు తొందరగా అలవాటు పడిపోతుంది, అందుకే ఆ సంతోషం నిలవదు. మెదడులో డోపమైన్ అనే రసాయనంతో నడిచే వ్యవస్థ, ఎంత మెప్పు వచ్చిందన్నదానికన్నా అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందా తక్కువ వచ్చిందా అన్నదానికే గట్టిగా స్పందిస్తుంది కాబట్టి, నిన్న 50 లైకులకు ఎగిరి గంతేసిన మనసే ఇవాళ అదే 50కి ఉసూరుమంటుంది. పైగా ఆ మెప్పు ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎదుటివాళ్ల చేతిలో ఉంటుంది, టెన్షన్ మాత్రం మనది.

విశాఖలో పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్లే ఇద్దరిని తీసుకోండి. ఒకరు సూర్యోదయం ఫోటో పెట్టి ఇంటికొచ్చేదాకా ఫోన్ చూసుకుంటూనే ఉంటారు, ఎవరూ స్పందించకపోతే ఆ ఉదయమంతా వృథా అనిపిస్తుంది. ఇంకొకరు, నెల క్రితం కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడిస్తేనే ఆయాసపడినవారు, ఇప్పుడు వుడా పార్కు దాకా హాయిగా వెళ్లొస్తున్నారు. ఆ తేడా వాళ్ల ఒంటికే తెలుస్తోంది, ఎవరూ చూసి చెప్పక్కర్లేదు.

ఇక్కడ చాలామంది పొరబడేది, ఎవరి మాటా పట్టించుకోకూడదు కాబోలు అనుకుని. అది కాదు! గుర్తింపు కోరుకోవడం మనుషులకు సహజమే, అమ్మ ‘బాగుంది’ అని మెచ్చుకుంటే పొంగిపోవడంలో తప్పేమీ లేదు. ఆ మాట రాని రోజున చేసిన పనికే విలువ లేదనుకోవడం, అదీ అసలు చిక్కు.