మీటర్ మాట నమ్మకు, అమ్మలూ

అమ్మలూ,

విశాఖలో సొంత వైర్‌లెస్ సెట్లతో దూరదూరాలకి మాట్లాడుకునే మన హ్యామ్ క్లబ్బుకి సెక్రటరీగా ఉంటానని ఒప్పుకున్నావట, మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఎంత సంతోషమో అంత భయం. 2004లో భారతీ ప్రసాద్ గారు అండమాన్ నుంచి దేశదేశాల హ్యాములతో మాట్లాడదామని పోర్ట్‌బ్లెయిర్ వెళ్లారు. సునామీ వచ్చేసరికి ఆ సరదా పక్కనపెట్టి, వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్ (రేడియోలో పిలుచుకునే పేరు) మీద జనం క్షేమసమాచారాలు చేరవేస్తూ కూర్చున్నారు. నీకూ అంత గుండె ఉంది, నాకు తెలుసు.

చుక్కలూ గీతల మోర్స్ కోడ్ నేర్చుకుని పై మెట్టు లైసెన్సుకి, అదే జనరల్ గ్రేడ్‌కి, పరీక్ష రాసెయ్; వీయూ3తో మొదలయ్యే కింది మెట్టు లైసెన్సు దగ్గరే ఆగిపోకు. 40 మీటర్ల తరంగాల బ్యాండ్‌కి కట్టే డైపోల్ యాంటెన్నాకి అటూ ఇటూ పదేసి మీటర్ల తీగ పడుతుంది. తెగిపడినా కరెంటు తీగలకి అందని చోట కట్టించు. ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునే లాగ్‌బుక్ ఎవరికీ ఇంటికివ్వకు.

ఇక బ్యాటరీ. ఇది నిదానంగా చదువు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. మర్నాడు పడిపోయిన చెట్లు దాటుకుంటూ క్లబ్బు గదికి చేరి సెట్టు ఆన్ చేశాం. 40 మీటర్లలో మన ఊరినే పిలుస్తున్నారు, గొంతులు ఖంగుమంటున్నాయి. బదులిద్దామని మైకు మీది పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కితే సెట్టు ఆరిపోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ ఆరింది. మీటర్ పెట్టి చూస్తే 12.6 వోల్టులు! వినడానికి ఒక ఆంపియరో, కాస్త ఎక్కువో చాలు. వంద వాట్లతో మాట్లాడాలంటే ఇరవై దాకా లాగుతుంది. పాతబడిన బ్యాటరీ అక్కడే కూలబడింది. పది వాట్లకి తగ్గించి మాట్లాడొచ్చని ఒకరికి తట్టేసరికి గంటకు పైగా పోయింది. ఆ గంటలో పిలిచినవాళ్లు మనం లేమనుకుని వెళ్లిపోయారు.

ఆ వేసవిలోనే ఒక ఇంజనీరింగ్ కుర్రాడు "బ్యాటరీ మీద లోడ్ (భారం) పెట్టి చూద్దాం సార్" అన్నాడు. మీటర్ బాగానే చూపిస్తోందిగా అని పెద్దవాళ్లు కొట్టిపారేశారు. వాడూ మరి నోరెత్తలేదు. నాకు అసలు భయం అదే తల్లీ. ఇంట్లో ఇల్లెగిరిపోయేలా అరుస్తావు, నలుగురు పెద్దలు కూర్చున్న మీటింగులో మాత్రం తల వంచుకుంటావు. ఆ వేషాలు ఇక చెల్లవు. ఎదురుగా నేనున్నా సరే, అడగాల్సింది అడుగు. చిన్నప్పుడు నా చెవుల మీది హెడ్‌ఫోన్లు లాక్కుని "నేను మాట్లాడతా" అని పేచీ పెట్టినదానివే కదా!

నెలకోసారి మెయిన్స్ కరెంటు తీసేసి, బ్యాటరీ మీదే ఒక గంట నెట్ (అందరూ వంతులవారీగా రేడియోలో మాట్లాడుకునే కూటమి) నడిపించు. మాట్లాడుతున్నప్పుడు వోల్టులెంతో పక్కన ఒకరు రాయాలి. 12కి దిగువకి జారిందా, మొహమాటపడకుండా మార్పించు. అక్టోబరు దాకా ఆగొద్దు, ఈ నెలలోనే మొదలుపెట్టు. కొత్త బ్యాటరీకి డబ్బు నేను పంపుతాను, మీ నాన్నని అడగకు.

మీ పెదనాన్న