నల్గొండ, పాలమూరు దిక్కు ఎలక్ట్రిక్ స్కూటర్ కొనేటోళ్లు ఏం చూస్తున్నారు?

పెట్రోలు లీటరు వంద దాటిందనే కొంటున్నారా, ఇంకేమన్నా ఉందా అని అడిగారు. పెట్రోలే మొదటి కారణం. కానీ కొనాలా వద్దా అన్నది తేలేది ఇంటి కరెంటు మీటరు దగ్గర.

రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున 26 రోజులు తిరిగితే, 45 మైలేజీ ఇచ్చే బండికి 23 లీటర్లు పోయాలి. ఎలక్ట్రిక్ బండికైతే చార్జర్‌లో వృథా కలిపి 35–40 యూనిట్లు చాలు. షోరూమ్‌లో ఇంతవరకే చెబుతారు. జీరో బిల్లు సంగతి ఎత్తరు. నెలకు 200 యూనిట్ల దాకా ఉచితంగా కరెంటిచ్చే తెలంగాణ పథకం గృహజ్యోతిలో, ఆ 200 దాటితే పైన కాలిన నాలుగు యూనిట్లకే కాదు, మొత్తానికి బిల్లు పడుతుంది. ఇప్పటికే 170 కాలే ఇంట్లో బండి చేరితే 210. మొదటి 200కు 5.10, ఆపైన 7.70 చొప్పున దాదాపు 1,100 రూపాయలు, ఇతర చార్జీలు వేరే. పెట్రోలు కన్నా అప్పటికీ తక్కువే, కానీ మిగులు సగమవుతుంది. కూలర్లు తిరిగే ఏప్రిల్, మే నెలల పాత బిల్లులు తీసి చూడండి. 150 లోపు ఉంటే రంది లేదు.

రెండోది ఎర్తింగ్. పాత ఇళ్లల్లో మూడు రంధ్రాల సాకెట్ ఉంటుంది గానీ పై రంధ్రానికి వైరే ఉండదు. చార్జర్ ఆగి ఆగి నడుస్తుంటే బండిని తిట్టే ముందు అది చూడండి. మల్టీమీటర్ పెడితే ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య 230 దరిదాపుల్లో, న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య 2–3 వోల్టుల లోపు చూపాలి. ఎర్త్ గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలం వారానికో బిందె నీళ్లు పోయాలి. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్స్ అసలొద్దు, ప్లగ్గులు కరిగేది అక్కడే.

ఒక్క చార్జింగ్‌కు కంపెనీ చెప్పిన 100 కిలోమీటర్లలో ఇద్దరెక్కితే 65–75 వస్తే గొప్ప. నకిరేకల్ నుంచి నల్గొండకు పోయి రావచ్చు. దేవరకొండ నుంచైతే నల్గొండలో చార్జింగ్ పెట్టాల్సిందే.

బ్యాటరీలో మా ఎండలకు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) సెల్స్ నయం. బరువెక్కువ గానీ వేడిని ఓర్చుకుంటాయి. ఎన్‌ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) సెల్స్ అయితే రోజూ చార్జింగ్ 80–90 శాతం దగ్గర ఆపండి. ఏదైనా సరే, ఎండలో తిరిగొచ్చిన బండికి అరగంట చల్లారనిచ్చి ప్లగ్ పెట్టాలి.

రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా మాఫీ. ఆ తేదీ చూసుకొని తొందరపడేవాళ్లూ ఉన్నారు.

వెనక్కి లాగేది మాత్రం సర్వీసు. పెట్రోలు బండిని ఏ షెడ్డులోనైనా విప్పుతారు. ఎలక్ట్రిక్ బండిలో మోటారును నడిపే కంట్రోలర్ పోతే కంపెనీవాళ్లే రావాలి. పాలమూరు పక్కన దివిటిపల్లిలో బ్యాటరీ ఫ్యాక్టరీ పెడుతున్నంత మాత్రాన మీ స్కూటర్‌కు సామాను రేపే దొరకదు. మీ ఊళ్లో అదే మోడల్ రెండేళ్లుగా నడుపుతున్నవాళ్లను పట్టుకొని, సామాను కోసం బండి ఎన్ని రోజులు మూల పడిందో అడగండి. వారంటీ కాగితంలో ఏళ్లు, కిలోమీటర్లతో పాటు బ్యాటరీ ఎంత శాతానికి పడితే మారుస్తారో రాసి ఉందా చూడండి. 70 అని రాస్తే సరే, ఏమీ రాయకపోతే రాయించుకొనే అడ్వాన్సు కట్టండి.