అక్సెల్సన్ గురించి రాస్తున్న చిరంజీవికి

చిరంజీవికి ఆశీస్సులు.

డెన్మార్క్ బ్యాడ్మింటన్ ఆటగాడు విక్టర్ అక్సెల్సన్ మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఒడెన్స్‌లో పుట్టిన కుర్రవాడు 2010లో ప్రపంచ జూనియర్ చాంపియన్ కావడం, రియోలో కాంస్యం, 2017లోనూ 2022లోనూ ప్రపంచ టైటిళ్లు, టోక్యో, పారిస్ ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషి మాత్రం ఎక్కడా కనబడలేదు.

గెలుపులన్నీ ఏరుకుని ఓటములు వదిలేశావు. 2015 మార్చిలో ఢిల్లీలో జరిగిన ఇండియా ఓపెన్ ఫైనల్లో, తొలి గేమ్ 18-21తో పోగొట్టుకున్న మన గుంటూరు కుర్రాడు కిడాంబి శ్రీకాంత్, మిగతా రెండూ 21-13, 21-12తో గెలిచి అక్సెల్సన్‌ను ఓడించాడు. 2019లో అదే టోర్నీ ఫైనల్లో అక్సెల్సన్ 21-7, 22-20తో బదులు తీర్చుకున్నాడు. ఆ నాలుగేళ్లలో అతని ఆటలో ఏం మారిందో వెతికి రాయి. శ్రీకాంత్ మనవాడు కదా అని అక్సెల్సన్‌ను ప్రతినాయకుణ్ణి చేయకు. ఆ చాపల్యం నాకూ ఉండేది.

పారిస్ సెమీఫైనల్‌ను ‘లక్ష్య సేన్‌పై 22-20, 21-14తో గెలుపు’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. తొలి గేమ్‌లో లక్ష్య 20-17తో ముందున్నాడు, చేతిలో మూడు గేమ్ పాయింట్లు ఉన్నాయి. అక్కడి నుంచి అక్సెల్సన్ వరసగా ఐదు పాయింట్లు తీసుకున్నాడు. రెండో గేమ్‌లో 0-7తో వెనకబడి కూడా, తాను 21 పాయింట్లు పూర్తి చేసేలోగా లక్ష్యకు మరో ఏడే ఇచ్చాడు. 194 సెంటీమీటర్ల ఎత్తు నుంచి దిగే స్మాష్ గురించి అందరూ రాస్తారు. 20-17 దగ్గర తొందరపడకుండా ర్యాలీని సాగదీసిన ఓపిక గురించి నువ్వు రాయి. థాయ్‌లాండ్ ఆటగాడు కున్లావుత్‌పై 21-11, 21-11తో ముగిసిన ఫైనల్‌కు ఒక్క వాక్యం చాలు.

అక్సెల్సన్ చైనా భాష నేర్చుకోవడాన్ని చివర్లో వింత విశేషంలా అతికించావు. బ్యాడ్మింటన్‌లో గట్టి ప్రత్యర్థులూ, ఆటను ప్రాణంగా చూసే జనమూ ఎక్కువగా ఆసియాలోనే ఉన్నప్పుడు, ఒక డెన్మార్క్ ఆటగాడు ఆ భాష నేర్చుకోవడం అతని ఆటజీవితంలో భాగమే. 2021లో జాతీయ జట్టు శిక్షణ కేంద్రాన్ని వదిలి దుబాయ్‌కి మకాం మార్చడమూ అంతే. ఈ రెండింటినీ ఒక్కచోటికి తెచ్చి చూడు. ‘డెన్మార్క్ సింహం’ లాంటి విశేషణాలు కొట్టేశాను, కోపగించుకోకు.

తిరగరాసే ముందు ఆ సెమీఫైనల్‌ను వ్యాఖ్యానం వినబడకుండా పెట్టుకుని మరోసారి చూడు. షటిల్‌ను వదిలేసి అతని పాదాలనే గమనించి, కనబడినది కాగితం మీద పెట్టి పంపు.

నీ శ్రేయోభిలాషి