పాపకి పేరు వెతుకుతున్న మనవరాలికి

చి.ల.సౌ. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన పేర్ల పట్టిక చూశాను. బారసాల లోపలే తేలిపోవాలని హైరానా పడకు. పుట్టుక నమోదైతే చాలు, పేరు చేర్చుకోవడానికి ఏడాది దాకా రుసుం కూడా ఉండదు.

పట్టికలో మొదటిది కియారా. పక్కన ‘అమ్మవారి పేరు’ అని రాశావు. ఏ అమ్మవారిదో నాకైతే తట్టలేదు. ఇటలీలో కియారా అంటే వెలుగు, స్వచ్ఛత. అసీసీ ఊరి సెయింట్ క్లేర్‌ని అక్కడివాళ్లు పిలిచేది ఆ పేరుతోనే. ఐర్లండులో దాదాపు ఇవే అక్షరాలతో రాసే పేరొకటుంది, దాన్ని కీరా అంటారు, అర్థం నల్లనిది. నచ్చితే పెట్టుకో, తప్పేం లేదు. కానీ లేని సంస్కృతం దానికి అంటగట్టకు. ఏ పేరుకైనా నెట్‌లో రాసిన అర్థం నమ్మేముందు ఒకసారి నిఘంటువు తిరగెయ్యి.

బయటి పేర్లు మనకి కొత్తేం కాదులే. నెల్లూరు దగ్గర కసుమూరు మస్తాన్ వలీ దర్గాకి మొక్కుకుని పిల్లలకి మస్తానయ్య, మస్తానమ్మ అని పెట్టుకున్న హిందూ కుటుంబాలెన్నో. మస్తాన్ పారశీకం నుంచి వచ్చింది, దైవభక్తిలో మత్తెక్కినవాడని. బోసు బెంగాలీల ఇంటిపేరు. సుభాష్ చంద్రబోస్ మీది అభిమానంతో మనవాళ్లు దాన్నే పిల్లల పేరు చేసేశారు. ఇవన్నీ ఎవరో ఒకరి మీది భక్తితోనో ప్రేమతోనో వచ్చినవి. నీ పట్టికలో అలాంటిది ఒక్కటీ కనపడలేదు, అదే నా ఫిర్యాదు.

మా అమ్మ పేరు పుల్లమ్మ అంటే నువ్వు చిన్నప్పుడు నవ్వేదానివి. పుట్టిన పిల్లలు దక్కనప్పుడు, తరవాతి బిడ్డని పుల్లాకుల మీద, అంటే ఎంగిలి విస్తరాకుల మీద దొర్లించి ఆ పేరు పెట్టేవాళ్లు. పెంటకుప్ప మీద పడుకోబెడితే పెంటయ్య. పనికిరానిదని చావు దీని జోలికి రాకూడదని. ఈ రోజుల్లో పాపకి ఆ పేరు పెట్టమనను, ఎందుకొచ్చిందో మాత్రం దానికి చెప్పు.

పాపది ఆర్ద్ర మూడో పాదం అన్నావు. ఆ పాదానికి అక్షరం ఙ. దానితో మొదలయ్యే పేరు ఎక్కడ దొరుకుతుంది! పంతుళ్లే ‘జ్ఞ’ అని సర్దేస్తుంటారు. నక్షత్రం పేరు బియ్యంలో రాసేటప్పుడు ఒకటి రాయించు, పిలిచే పేరు నీ ఇష్టం.

ఇంగ్లీషు స్పెల్లింగు మాత్రం ముందే ఖాయం చేసుకోండి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకి బడిలో చేర్చాలన్నా, పాస్‌పోర్టు కావాలన్నా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఇంటిపేరు పొడి అక్షరంగా వదిలేయకుండా పూర్తిగా రాయించు. మీ ఆయన్నీ కూచోబెట్టి అక్షరం అక్షరం సరిచూడమను. ఆ తరవాతే మునిసిపల్ ఆఫీసులో ఇవ్వండి.

మీ తాతయ్య