తోడు సాఫ్ట్‌వేర్ గురించి మేనకోడలికి

చిట్టితల్లీ,

కూచిపూడి ప్రదర్శనకి వెనక ఎల్‌ఈడీ గోడ మీద లైవ్ విజువల్స్ నువ్వే చేస్తున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. నా కన్సోల్ పక్కన కుర్చీలో నిద్రపోయిన పిల్లవి, ఇప్పుడు నువ్వే కూర్చుంటున్నావు! గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

క్లిప్పులు లైవ్‌గా ఆడించే రెజొల్యూమ్ ప్రోగ్రాము నీకు వచ్చు, దాన్ని మార్చకు. క్లిప్పులన్నీ దాని సొంత వీడియో ఫార్మాట్ డీఎక్స్‌వీలోకి మార్చుకో, అందుకు వాళ్లదే ఆలీ అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది.

ఇక దానికి తోడు ఏది? మృదంగం దెబ్బకి కదిలే గీతలు, చుక్కలు కావాలంటే టచ్‌డిజైనర్. మ్యాడ్‌మ్యాపర్ గోడలూ గోపురాల మీద ప్రొజెక్షన్‌కి బాగుంటుంది, నీకు అక్కర్లేదు. వీడీఎంఎక్స్ మ్యాక్‌లోనే నడుస్తుంది, నీది విండోస్. ఎవరో నాలుగు ప్రోగ్రాములు కలిపి చూపించారని నువ్వూ మొదలుపెట్టావో, ఊరుకోను. ఒక్క తోడు చాలు.

ఇది మాత్రం ఓపిగ్గా చదువు. నాతో పనిచేసిన ఒక కుర్రాడు, మంచి పనిమంతుడు, ఒక సంగీత్‌కి రెజొల్యూమ్, టచ్‌డిజైనర్ ఈ రెండే కలిపాడు. ఒకే కంప్యూటర్‌లో ఒకదాని బొమ్మ ఇంకోదానికి స్పౌట్ అనే దారిలో వెళ్తుంది. అది సరిగ్గా పనిచేయాలంటే రెండూ ఒకే గ్రాఫిక్స్ చిప్ మీద నడవాలి. ఇంట్లో డెస్క్‌టాప్ మీద చక్కగా నడిచింది. హాల్లో పెట్టింది అద్దె లాప్‌టాప్, అందులో ఇంటెల్ చిప్ ఒకటి, ఎన్విడియా ఒకటి. రెజొల్యూమ్ ఒకదాని మీద, టచ్‌డిజైనర్ ఇంకోదాని మీద లేచాయి. లిస్టులో స్పౌట్ పేరు కనిపిస్తోంది, బొమ్మ రాదు. పాట మొదలైంది, పెళ్లికూతురు స్టేజీ ఎక్కింది, వెనక గోడంతా నలుపు. వాడు కేబుళ్లు పీకి పెడుతున్నాడు, తప్పు కేబుల్లో లేదాయె! నేను పక్క లాప్‌టాప్ నుంచి ఒక లూప్ వేసేసరికి సగం పాట అయిపోయింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి తెర వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

అందుకే చెప్తున్నా. షోకి వాడే లాప్‌టాప్‌లోనే, విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో గ్రాఫిక్స్‌లోకి వెళ్లి, రెండు ప్రోగ్రాములకీ హై పర్ఫార్మెన్స్ పెట్టు. ఛార్జర్ తీయకు. రెజొల్యూమ్‌లో కింద లేయర్‌లో ఒక లూప్ ఎప్పుడూ నడవనీ, టచ్‌డిజైనర్ బొమ్మ పై లేయర్‌లో యాడ్ బ్లెండ్‌లో, అంటే పైదాని వెలుగు కిందదానికి కలిసేలా పెట్టు. పైది నల్లబడినా కిందది కనిపిస్తుంది. రెండు లాప్‌టాప్‌లు వాడితే స్పౌట్ బదులు నెట్‌వర్క్ మీద బొమ్మ పంపే ఎన్‌డీఐ, అదీ వైరుతోనే. హాలు వైఫైని నమ్మకు.

గోడ వెలుతురు తగ్గించు తల్లీ. అభినయం ముఖంలో ఉంటుంది, అది కనపడకపోతే నీ గీతలెందుకు?

టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్‌లో బొమ్మ 1280 బై 1280 పిక్సెళ్లు దాటదు, దాన్ని డబ్బు తీసుకునే పనికి వాడకూడదు. నీకు పారితోషికం ఇస్తున్నారని అక్క చెప్పింది కాబట్టి లైసెన్సు కొనాల్సిందే. క్రాక్ జోలికి పోకు. నాన్నని అడగడానికి మొహమాటపడతావని తెలుసు, ఆ డబ్బు నేను వేస్తాను. రిహార్సల్ ఎప్పుడో చెప్పు, వస్తాను.

మీ మామయ్య