కొత్త బంపరు కొన్నా రంగు ఊడుతుంది

బంపరుకు వేయించిన రంగు ఆరు నెలలకే పెచ్చులుగా ఊడిపోతోందని, కొత్త బంపరు కొనడమే మేలా అని అడిగారు. కొనవద్దు. నేను కొని చూశాను.

కావలిలో మా గేటుకు తగిలి నా కారు వెనుక బంపరు పగిలినప్పుడు, రంగు వేయని నల్లటి బంపరు కొత్తది తెచ్చి, జాతీయ రహదారి పక్కనున్న ఒక షెడ్డులో ఇచ్చాను. సాయంత్రానికల్లా అద్దంలా మెరిపించి ఇచ్చారు. మూడో నెలలో, కారు కడిగే కుర్రవాడు ప్రెషర్ పైపు పెట్టగానే అరచేయంత పొర లేచి ఉల్లిపొట్టులా రెపరెపలాడింది. అడుగున ప్లాస్టిక్కు, కంపెనీ నుంచి అప్పుడే వచ్చినంత నున్నగా, వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం) గీత ఒక్కటైనా లేకుండా కనబడింది.

నెల్లూరు ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దానిని విప్పించి, తిరగేసి, లోపలి వైపు అచ్చులో ఉన్న 'పీపీ' అనే అక్షరాలను చూపించారు. "ఇది ఇనుము కాదు సార్, దీనికి ఏదీ తొందరగా అంటదు" అన్నారు. పీపీ అంటే పాలీప్రొపిలీన్ అనే ఒక రకం ప్లాస్టిక్కు. పైగా కొత్త బంపరు మీద, అచ్చు నుంచి సులభంగా ఊడిరావడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటుంది. ఆయన ఉన్న రంగంతా తీసి, సబ్బునీళ్లతో గిన్నె తోమినట్టు తోమి, ఆరాక జిడ్డు తీసే ద్రావకంతో తుడిచి, మెరుపు పోయేదాకా రుద్ది, పలుచగా ప్లాస్టిక్ ప్రైమర్, అంటే రంగు ప్లాస్టిక్కును పట్టుకునేలా చేసే అడుగు పూత, కొట్టి, ఆ తరువాతనే రంగు డబ్బా మూత తీశారు. చాలా షెడ్లలో వేయకుండా వదిలేసేది ఈ ప్రైమరే; పైకి కనబడదు కనుక అడిగేవారు లేరు. మనవాళ్లు రంగు ఏ కంపెనీదని మాత్రం నాలుగుసార్లు అడుగుతారు!

అది కార్తీక మాసం. వాయుగుండం పట్టి మూడు రోజులు ముసురు కమ్మింది. గాలిలో తేమ ఉంటే పై పూత పాలిపోతుందని ఆయన రంగు కొట్టే తుపాకీ ముట్టలేదు, నేను బస్సులో తిరిగాను. విసుగు వచ్చిన మాట నిజమే. ఆ తరువాత రెండు వేసవులు గడిచినా పొర లేవలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం డిక్కీ వెండి రంగుకు, బంపరు వెండి రంగుకు వెంట్రుకవాసి తేడా తెలుస్తుంది. అది మా బావగారికి తప్ప ఇంకెవరికీ కనబడలేదు.